సున్నం వేసిన బావి

బాలమణి నీళ్లు వడగడుతోంది. పాత ధోవతి గుడ్డను నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి, చెంబుతో కొద్దికొద్దిగా పోస్తోంది. అవి రైల్వే గేటు దగ్గరి నల్లా నీళ్లు. ఇంకా చీకటి ఉండగానే భర్త శివరాజ్ సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని పోయి తెచ్చాడు.

పెరట్లో, ఆమె కూర్చున్న చోటుకు ఇరవై అడుగుల దూరంలో బావి ఉంది. ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. మూడు మెట్లు మునిగేదాకా నీళ్లున్నాయి. అయినా మూడు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ నీళ్లు నోట పెట్టలేదు.

"జర జల్ది కానీ." అత్త అనంతమ్మ వంటింటి గడపలో నిలబడి అంది. "వాడోళ్లు వచ్చే యాళ్లయింది. ఆ క్యాన్లు లోపల పెట్టు. ఎవరన్న జూస్తరు."

బాలమణి క్యాన్లు తీసుకుపోయి ధాన్యపు గుమ్ముల వెనక పెట్టింది. తిరిగి వచ్చి అక్కడే కూర్చుంది. అత్త చూపు బావి మీద ఉందని తెలిసినా తల ఎత్తలేదు.

ఈ రోజు బావి తెరవాలి. చేది పోయవలసిన చెయ్యి తనది.

కింది వాడలో పద్నాలుగు గడపలు. వాళ్ల చేదబావి నీళ్లు ఉప్పన. అందులో బట్టలు ఉతికితే సబ్బు కూడా నురగ రాదు. తాగడానికి, వండుకోవడానికి ఏళ్ల తరబడి ఈ ఇంటి బావికే వస్తున్నారు. వచ్చినవాళ్లు గిలకను ముట్టకూడదు, తాడు పట్టకూడదు. గట్టుకు ఇవతల బిందెలు వరసగా పెట్టి నిలబడితే ఇంటి ఆడమనిషి నీళ్లు చేది పోయాలి. మొదట అనంతమ్మ పోసింది. నాలుగేళ్లుగా బాలమణి పోస్తోంది. ఎవరి బిందె ఏదో ఆమెకు చూడకుండానే తెలుసు. యాదమ్మ బిందె అడుగున మాటు ఉంది, నీళ్లు పడితే చప్పుడు వేరుగా వస్తుంది. నారమ్మది మూతి దగ్గర నొక్కుకుపోయింది.

పోసిన ప్రతిసారీ వాళ్లు ఏదో ఒక మాట చెప్పేవాళ్లు. కోహీరు సంత సంగతో, పిల్లల జ్వరమో. ఆమె విని, తల ఊపి, పోసేది.

మూడు రోజుల కిందట శివరాజ్ కంది చేనుకు మందు కొట్టడం మొదలుపెట్టాడు. కాయ పురుగు తగిలింది. సగం చేను అయ్యాక, రెండోసారి కలపడానికి మందు కొట్టే పంపును బావి గట్టు మీద పెట్టాడు. అందులో అప్పటికే మందు పోశాడు. మూత ఇంకా బిగించలేదు. నీళ్లు చేదుతుంటే తాడు పంపుకు తగిలింది. పంపు బావిలో పడింది.

కొక్కేల పాతాళగరిగె వేసి పంపును పైకి తీశాడు. అందులోని మందంతా బావిలో కలిసిపోయింది. సాయంత్రానికి కప్పలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి.

మామ చెన్నబసప్ప ఆ రాత్రే రెండు గంపల సున్నం తెప్పించాడు. ఏటా వానలు వెనక్కి పోయాక బావి నీళ్లు ఎర్రబడితే చేసే పనే అది. సున్నం చల్లి, ఉసిరి మొద్దులకు రాళ్లు కట్టి దించుతారు. మూడు రోజులు ఎవరూ బావి ముట్టరు. నాలుగో రోజుకు అడుగున పడిన రాయి కూడా కనిపించేంత తేటగా ఉంటాయి నీళ్లు. ఈసారి కూడా వాడకు అదే కబురు పంపారు, బావికి సున్నం వేశాం, నాలుగో రోజు రమ్మని. అందులో అబద్ధం ఏమీ లేదని అనంతమ్మ అంది.

ఉసిరి మొద్దులు ఆమె తన చేతులతోనే దించింది. దించేటప్పుడు బావికి దండం పెట్టింది.

బాలమణి బిందె మీద మూత పెట్టి లేచి, వసారాలోకి పోయింది. చెన్నబసప్ప స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆయన ఎదుట నిలబడి మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. ఏదైనా కావాలంటే అత్తతో చెప్పించేది.

"మామా, ఒకటి జూడాలె మీరు," అంది.

ఆయన తల ఎత్తాడు. ఆమె గొంతు విని శివరాజ్ కూడా కొట్టంలో నుంచి వచ్చాడు. చేతిలో మందు పంపు ఉంది. మిగిలిన సగం చేను ఈ రోజు పూర్తి చేద్దామని దాని నాజిల్ తుడుచుకుంటున్నాడు.

వసారా చివర, కొట్టం గోడ పక్కన మూడు మట్టి మూకుళ్లు ఉన్నాయి. పైన జల్లెడ బోర్లించి ఉంది. నిన్న సాయంత్రం బాలమణి కుడితి పోయడానికి పట్టే దాని కంటే ఎక్కువసేపు బయట ఉంది. వాగుకు పోయి పైట కొంగుతో చిటికెన వేలంత చేపలు ఆరు పట్టుకొచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

జల్లెడ తీసింది.

మొదటి మూకుట్లో నల్లా నీళ్లు. రెండు చేపలూ నీడ పడగానే చటుక్కున పక్కకు తప్పుకున్నాయి. రెండో దాంట్లో బావి నీళ్లు. చేపలు రెండూ వంకరపోయి తేలుతున్నాయి. ఒకదాని నోరు తెరిచి ఉంది.

కొట్టంలో గేదె తోక విసిరిన చప్పుడు వినిపించింది.

అప్పటికి అనంతమ్మ కూడా వచ్చింది. ఆమె వంగి చూసి, వెంటనే నడుం నిలబెట్టుకుంది. సున్నం నీళ్లలో చేప బతుకుతుందా అని అడిగింది. సున్నం వేడికి చచ్చి ఉంటాయని, చేపకు పడనిది మనిషికి పడదని ఎక్కడుందని, మనం తమలపాకులో సున్నం తినడం లేదా అని ఒకదాని వెంట ఒకటి అంది.

"ఏడో తరగతి సదివిన కోడలు చాలనుకున్నం. చేపలకు పరీక్షలు పెట్టే కోడలు దొరికింది మనకు."

బాలమణి మూడో మూకుడు ముందుకు జరిపింది.

"ఇవి నల్లా నీళ్లే. ఇందుల బావికి పడ్డంత సున్నం నేను కలిపిన. తక్కువ గాదు, జర ఎక్కువే."

ఆ రెండు చేపలు అడుగున ఒకచోట నిలబడి మొప్పలు ఆడిస్తున్నాయి. చురుకుగా లేవు. కానీ ఉన్నాయి.

చెన్నబసప్ప లేచి వచ్చి వంగి చూశాడు. ఆయన వేలు రెండో మూకుడు అంచు దాకా పోయి, నీళ్లను తాకకుండా వెనక్కి వచ్చింది.

శివరాజే ముందు మాట్లాడాడు. అతని మొహం వాడిపోయి ఉంది. మూడు రోజులుగా అతను సరిగా తినలేదని బాలమణికి తెలుసు. ఇంకో మూడు రోజులు బావి మూసి పెడదామన్నాడు. సున్నం ఇంకా విరగలేదని వాడకు చెబుదామన్నాడు.

"ఎవరు తాగిన్రు గనక? వాళ్లు నల్లా నీళ్లే తెచ్చుకుంటున్నరు, మనమూ గవే తెచ్చుకుంటున్నం. ఎవరికేమైంది?"

అనంతమ్మ ఏదో అనబోయి ఆగింది. చీర అంచును వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

చెన్నబసప్ప తిరిగి మంచం మీద కూర్చుంటూ మోటరు సంగతి ఎత్తాడు. కరెంటు వచ్చాక మోటరు వేసి బావి మొత్తం తోడేస్తే రెండు రోజుల్లో కొత్త ఊట వస్తుందన్నాడు. కాలువ ఎటూ వాగులోకే ఉంది, ఎవరికీ ఏమీ చెప్పే పని లేదన్నాడు. ఆ మాటతో శివరాజ్‌కు ఊపిరి వచ్చినట్టయింది. వెంటనే మోటరు గది తాళం కోసం జేబు తడుముకున్నాడు.

"వాగుల ఎవరు తాగుతరు, మామా?" అంది బాలమణి.

ఆయన చూశాడు.

ఆమె మెల్లగా చెప్పింది. వాగులో కింది వాడ గొడ్లు తాగుతాయి. అవతల చాకలివాళ్లు బట్టలు ఉతుకుతారు, వాళ్ల పిల్లలు అక్కడే ఆడుకుంటారు. ఇంకా కిందికి పోతే రెండు ఊళ్లవాళ్లు ఇసుకలో చెలిమెలు తవ్వుకుని తాగుతారు. బావిలోది తీసి వాగులో పోస్తే మన పెరట్లోది పోతుంది, అంతే. ఎగువ సాగు లేని పడావు భూమి ఉంది, చుట్టూ కట్ట వేసి అందులోకి పారిస్తే ఎండకు ఇంకిపోతుందేమో. ఆ చేలోకి కొన్నాళ్లు గొడ్లను పోనివ్వకుండా కంచె కొట్టాలి. అడుగు బురద కూడా తీసి పూడ్చాలి. అదంతా విరుగుతుందో లేదో తనకు నిజంగా తెలియదు. కానీ ఇంతకంటే మంచి దారి ఆమెకు తోచలేదు.

"ఒక్క దినంల అయ్యే పనా అది? ఇరవై మంది గావాలె," అన్నాడు శివరాజ్.

"వాడల ఉన్నరు."

"వాళ్లకేమని చెప్పి పిలుస్తవ్?"

"ఉన్నది చెప్పి."

శివరాజ్ పంపును కింద పెట్టాడు. ఇనుము నేలకు తగిలి గట్టిగా మోగింది.

ఏటా కందికి పురుగు పడితే వాడ ఆడవాళ్లే వచ్చేవాళ్లు. ఇద్దరు సాళ్ల మధ్య గొంగడి పరిచి పట్టుకుంటే ఒకరు మొక్కను ఒడిసి పట్టి దులిపేవారు. పచ్చ పురుగులు వడగళ్లలా రాలేవి. గంపలకెత్తి కోళ్లకు వేసేవాళ్లు, మిగిలినవి కాల్చేవాళ్లు. పది రోజుల పని. యాదమ్మ దులపడంలో పూత రాలేది కాదు. ఈ ఏడు కూడా ఆమె ఆరుగురిని వెంటేసుకుని వచ్చింది. శివరాజ్ వాళ్లను గేటు దగ్గరి నుంచే తిప్పి పంపాడు. ఒక్క రోజులో అయిపోయే మందు వచ్చిందని, రేడియోలో కూడా చెప్పారని అన్నాడు. అప్పుడు చెన్నబసప్ప వద్దనలేదు. బాలమణి కూడా ఏమీ అనలేదు. ఆ సంగతి ఇప్పుడు నలుగురికీ గుర్తొచ్చింది.

"ఆ మిగిలిన సగం చేనుకైన వాళ్లను పిలువు," అంది బాలమణి భర్తతో. "మందు డబ్బా మూత పెట్టి పక్కకు పెట్టు."

"పురుగు కాయలకు దిగింది. పది దినాలు చూసుకుంట కూసుంటదా అది?"

"ముప్పై మందిమి దులిపితే రెండు దినాలు."

అప్పుడు అనంతమ్మ మాట్లాడింది. గొంతు పెద్దది చేయలేదు. అందుకే అందరూ ఆమె వైపు తిరిగారు.

"వాడకు చెప్పేది లేదు. నలభై ఏండ్లు పోసిన చెయ్యి ఇది. ఒక్కరన్న నీళ్లు బాగలేవన్నరా? ఇయ్యాల మందు కలిసిందని చెప్తే రేపటి నుంచి నా మొహం ఎవరు జూస్తరు? సున్నం నేనేసిన. మొద్దులు నేను దించిన. నీళ్లు మంచిగైనయ్. పోయి చేదు, బాలమణీ."

"నేను పొయ్యను, అత్తా."

పెళ్లయిన నాలుగేళ్లలో ఆమె అత్తకు ఎదురు చెప్పడం అదే మొదలు. చెప్పాక గోడకు ఆనుకుంది.

"పొయ్యవా?"

"ఇంట్ల మనం తాగుతలేం. మనం తాగని నీళ్లు నా చేత్తోటి ఎట్ల పోస్త?"

అనంతమ్మ మొహం ఎర్రబడలేదు. పాలిపోయింది. కోపం వచ్చిన మనిషి మొహం అలా ఉండదని బాలమణి అనుకుంది. నిన్న రాత్రి ఆమె జొన్న రొట్టె తుంచి పళ్లెంలోనే వదిలేయడం గుర్తొచ్చింది. రెండు రోజులుగా వాడ వైపు నుంచి ఎవరు వచ్చినా ముందు అనంతమ్మే లేచి గేటు దాకా పోవడం గుర్తొచ్చింది. నీళ్లు మంచివేనని ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు అన్నది ఆమే.

గేటు దగ్గర బిందెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది.

ముందు నారమ్మ వచ్చింది, వెనక యాదమ్మ. ఇంకో నలుగురు ఇంకా బాట మీదే ఉన్నారు. నారమ్మ వస్తూనే మొదలుపెట్టింది. నల్లా దగ్గర లైన్లో నిలబడి కాళ్లు కట్టెలయ్యాయట. అక్కడ నీళ్లకంటే తిట్లు ఎక్కువ దొరుకుతాయట, అవి మాత్రం బిందె నిండా తెచ్చుకుందట. మామూలుగా అయితే బాలమణి నవ్వేది.

బిందెలు గట్టుకు ఇవతల వరసగా పెట్టారు.

అనంతమ్మ కోడలి వైపు ఒకసారి చూసి, తనే బావి దగ్గరికి నడిచింది. తాడు అందుకుంది. చేద దించింది. గిలక కీచుమంది. శివరాజ్ కొట్టం గుంజ పట్టుకుని నిలబడ్డాడు. చెన్నబసప్ప మంచం మీద నుంచి లేచాడు, కానీ వసారా దిగలేదు.

చేద పైకి వచ్చింది. నీళ్లు నిజంగానే అద్దంలా ఉన్నాయి. దాన్ని గట్టు మీద పెట్టి, ఒంచకుండా, అనంతమ్మ అలాగే నిలబడిపోయింది.

ఆమె అలసిపోయిందనుకుంది యాదమ్మ.

"నిమ్మలంగ పొయ్యి, పటేలమ్మా. తొందరేం లేదు," అంది. "మొన్న పొద్దుమీకి నువ్వు పోసిన రెండు బిందెలే మమ్ముల ఆదుకున్నయ్. నా బిడ్డ పచ్చి బాలింతనాయె, విడిచిపెట్టి నల్లా దాక యాడ పోదును? సున్నం నీళ్లయినా సరే పొయ్యమని కాళ్లు మొక్కితే, కాదనకుండ పోసినవ్."

గుంజ మీది శివరాజ్ చెయ్యి జారింది.

బాలమణి గోడను వదిలి ముందుకు వచ్చింది. యాదమ్మ కూతురు గంగమ్మ కాన్పు అయి పన్నెండు రోజులు. మొన్న సాయంత్రం తనూ శివరాజూ చేలో ఉన్నారు. మామ మఠానికి పోయాడు. ఇంట్లో అత్త ఒక్కతే ఉంది.

"గంగమ్మ ఎట్లున్నది?" అని అడిగింది.

"ఏం జెప్పుదు, చిన్నమ్మా. నిన్న పొద్దుమీకి నుంచి కండ్లు తిరుగుతున్నయంటది. రెండుసార్లు కక్కింది. నోట్ల నీళ్లూరుతున్నయంటది. బాలింత నీరసమే గదా అని పొద్దుగాల గంజి కాసి తాపిన."

"ఏ నీళ్లతోటి కాసినవ్?"

"గవే. ఇంక అర బిందె ఉన్నయ్."

బాలమణి అత్త వైపు చూడలేదు. చూస్తే మాట రాదని తెలుసు.

"ఆ అర బిందె ఎవర్నీ ముట్టనియ్యకు, యాదమ్మా. ఈ బావిల పురుగుల మందు పడ్డది. మూడు దినాలాయె. సున్నం ఏసినం గానీ పోలేదు. మేం ఎవరం తాగుతలేం."

బాట మీద వస్తున్న నలుగురూ గేటు దగ్గరే ఆగిపోయారు. నారమ్మ వంగి తన బిందెను చేతిలోకి తీసుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు గట్టిగా.

యాదమ్మ అరవలేదు. ఆమె చూపు బావి నుంచి వసారా మీదికి, అక్కడి నుంచి వంటింటి ముందున్న మూత పెట్టిన బిందె మీదికి పోయింది.

"మీరు తాగుతలేరు," అంది. అది ప్రశ్నలా లేదు.

"మరి మొన్న?" అంది.

ఎవరినీ ఉద్దేశించి అనలేదు. అయినా అందరి కళ్లూ ఒకే చోటికి పోయాయి.

చెన్నబసప్ప వసారా దిగాడు. బండి కట్టమని కొడుక్కు చెప్పాడు, బాలింతను దవాఖానకు తీసుకుపోవాలన్నాడు. శివరాజ్ కదల్లేదు. రెండోసారి చెప్పాక ఎద్దుల వైపు పరిగెత్తాడు. మందు డబ్బా కూడా బండిలో పెట్టమని బాలమణి వెనక నుంచి అంది, ఏం మందో డాక్టరుకు చూపించాలని. డబ్బా కోసం తనే కొట్టంలోకి తిరిగింది.

అప్పుడే గిలక మీది తాడు వదులైన చప్పుడు విని వెనక్కి చూసింది.

అనంతమ్మ తాడు వదిలేసింది. గట్టు దిగి, పెట్టిన బిందెల మధ్య నుంచి నడిచింది. కొంగు ఒక బిందెకు తగిలి అది పక్కకు దొర్లింది. ఆమె ఆగలేదు. యాదమ్మ పక్క నుంచి, చీర అంచు తగిలేంత దగ్గరగా పోయింది. చెన్నబసప్ప పేరు పెట్టి పిలిచాడు. నలుగురి ముందు ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

ఆమె వెనక్కి తిరగలేదు. చెప్పులు లేని కాళ్లతో గేటు దాటింది. అక్కడ ఆగిన నలుగురు ఆడవాళ్లు దారి ఇచ్చారు. ఆమె రోడ్డు వైపు పోలేదు. నలభై ఏళ్లలో ఎన్నడూ దిగని కింది వాడ బాట దిగింది.